జి.డి.నాయుడు

జి.డి.నాయుడుగా ప్రసిద్ధి చెందిన గోపాలస్వామి దొరస్వామి నాయుడు (మార్చి 23, 1893 – జనవరి 4, 1974) కోయంబత్తూరుకు చెందిన తెలుగు పారిశ్రామికవేత్త, యంత్ర నిర్మాత, రవాణా సంస్థ స్థాపకుడు, దాత. ప్రాథమిక స్థాయి దాటి చదువుకోని ఇతడు, ఒక ఇంగ్లీషు మోటారు సైకిలును సొంతం చేసుకొని, దానిని విడదీసి తిరిగి బిగించడం ద్వారా యంత్రవిద్యను అభ్యసించాడు. ఆ విద్యతోనే 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టి దక్షిణ భారతదేశంలోని పెద్ద బస్సు సంస్థలలో ఒకదానిని నిర్మించాడు. 1937లో ఇతని కర్మాగారంలో భారతదేశపు తొలి స్వదేశీ విద్యుత్ మోటారు తయారైంది. 1952లో రెండువేల రూపాయల ధరకు అందించగల రెండు సీట్ల పెట్రోలు కారును రూపొందించాడు. కానీ ప్రభుత్వ అనుమతి లభించకపోవడంతో ఆ కారు ఉత్పత్తి ఆగిపోయింది. ఇతనిని భారతదేశపు ఎడిసన్ అనీ, కోయంబత్తూరు సంపదకు సృష్టికర్త అనీ వ్యవహరిస్తారు.

కుటుంబ నేపథ్యం

విజయనగర రాజుల కాలంలోనూ, ఆ తరువాత మధుర నాయకుల కాలంలోనూ ఆంధ్ర ప్రాంతం నుండి అనేక తెలుగు కుటుంబాలు తమిళ దేశానికి వలస వెళ్ళాయి. వీరిలో కొందరు కొంగునాడుగా పేరుపొందిన కోయంబత్తూరు ప్రాంతంలోని నల్లరేగడి భూములలో స్థిరపడి, పత్తి సాగు ప్రధాన వృత్తిగా జీవించారు. తరాలు గడచినా ఈ కుటుంబాలలో ఇంటి భాషగా తెలుగు నిలిచింది. చదువు, వ్యాపారం మాత్రం తమిళంలో సాగేవి. ఇరవయ్యవ శతాబ్దంలో కోయంబత్తూరులో వెలసిన నూలు మిల్లులు, పంపుసెట్ల కర్మాగారాలు, విద్యాసంస్థలలో చాలావాటి వెనుక ఈ తెలుగు రైతు కుటుంబాల వారే ఉన్నారు. జి.డి.నాయుడు అటువంటి కమ్మ నాయుడు కుటుంబంలో జన్మించాడు.

బాల్యం

నాయుడు కోయంబత్తూరుకు తూర్పున సూలూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో 1893 మార్చి 23న జన్మించాడు. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారుడు. చిన్నతనంలోనే తల్లిని కోల్పోయిన ఇతడు బంధువుల పెంపకంలో పెరిగాడు.

బడి ఇతనికి ఏ మాత్రం రుచించలేదు. ఉపాధ్యాయుల మీద మట్టి చల్లి పారిపోయేవాడనే కథ ఇతని గురించి ప్రచారంలో ఉంది. చదువు మూడవ తరగతితోనే ఆగిపోయిందని చెబుతారు. ఆపైన ఇంటివారు ఇతనిని పొలం పనులలో పెట్టారు. అయితే చదువంటే ఇష్టం లేకపోవడం వేరు, తెలుసుకోవాలనే కోరిక లేకపోవడం వేరు. పొలం కాపలా ఉన్న రోజులలో పుస్తకాలు, పత్రికలు సంపాదించి తనంతట తానే చదువుకొనేవాడు. ఒకరు చెప్పింది వల్లెవేయడం కంటే స్వయంగా చూసి, చేసి తెలుసుకోవడం మీద ఇతనికి గల పట్టుదల జీవితాంతం కొనసాగింది.

రడ్జ్ మోటారు సైకిలు

నాయుడు జీవితాన్ని మలుపు తిప్పిన వస్తువు 1912 నాటి రడ్జ్ మోటారు సైకిలు. రెవెన్యూ శాఖకు చెందిన ఒక బ్రిటిషు అధికారి ఆ వాహనంపై కలంగల్ ప్రాంతానికి వచ్చాడు. ఎద్దుబండి, గుర్రబ్బండి తప్ప మరొకటి తెలియని పల్లెలో, లాగే జంతువు లేకుండా దానంతటదే నడిచే బండి ఆ యువకుని ఆశ్చర్యచకితుని చేసింది. వాహనం దారిలో ఆగిపోగా అధికారి దానిని బాగుచేసుకొంటున్నప్పుడు నాయుడు దగ్గర నిలబడి చూశాడనీ, అటువంటి బండిని తానూ సొంతం చేసుకోవాలని అప్పుడే నిశ్చయించుకొన్నాడనీ చెబుతారు.

చేతిలో డబ్బు లేదు. నాయుడు ఊరు విడిచి కోయంబత్తూరు చేరి ఒక హోటలులో సర్వరుగా కుదిరాడు. సుమారు మూడేళ్ళు పనిచేసి కొన్ని వందల రూపాయలు కూడబెట్టి, ఆ మోటారు సైకిలును కొన్నాడు. అయితే అతడు దానిని కొన్నది ఊరేగడానికి కాదు. బండి చేతికి రాగానే దానిలోని భాగాలన్నిటినీ ఒక్కొక్కటిగా విడదీశాడు. ప్రతి భాగం పని ఏమిటో, అది మరొక భాగంతో ఎలా కలుస్తుందో పరిశీలించి తిరిగి బిగించాడు. నేర్పే గురువు ఎవరూ లేరు.

ఈ పని ఎంతటిదో తెలియాలంటే ఆ నాటి వాహనం ఎలా ఉండేదో తెలుసుకోవాలి. ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో 1894లో రెండు సైకిలు కంపెనీలు కలిసి రడ్జ్-విట్‌వర్త్ కంపెనీగా ఏర్పడ్డాయి. సైకిళ్ళకు పేరుపొందిన ఈ కంపెనీ 1911 నాటికి మోటారు సైకిళ్ళను కూడా విపణిలోకి తెచ్చింది. 1914లో ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో జరిగిన ప్రసిద్ధ సీనియర్ టి.టి. పందెంలో గెలిచింది రడ్జ్ వాహనమే. ఈ బండ్లలో ఒకే సిలిండరు గల, సుమారు 500 ఘనపు సెంటీమీటర్ల ఇంజను ఉండేది. ఇంజను నుండి వెనుక చక్రానికి శక్తి ఒక బెల్టు ద్వారా అందేది. వర్షంలో తడిస్తే ఈ బెల్టు జారిపోయేది. పెట్రోలును మండించే నిప్పురవ్వ మాగ్నెటో అనే చిన్న ఉత్పాదక యంత్రం నుండి వచ్చేది. ఇంజనుకు కావలసిన నూనెను నడిపేవాడే చేతి పంపుతో ఎప్పటికప్పుడు అందించవలసి ఉండేది. నూనె తగ్గితే పిస్టను పట్టుకుపోతుంది, ఎక్కువైతే సిలిండరు నిండా మసి పేరుకుపోతుంది. ఆ మసిని గీకి శుభ్రం చేయడం, కవాటాలను నూరి సరిగ్గా మూసుకొనేలా అమర్చడం ఆనాటి వాహన యజమానులకు తరచుగా తప్పని పని.

ఇందులో ఒక సౌకర్యం కూడా ఉంది. ఆ యంత్రంలో దాదాపు ప్రతి భాగమూ కంటికి కనిపించేది, పానాతో విప్పదగినది. నిప్పు, గాలి, ఇంధనం, నూనె, చలనం అనే ఐదు విషయాలు ఎలా కలిసి పనిచేస్తాయో ఓపికగల వ్యక్తి చూసి తెలుసుకోవచ్చు. అందువలన రడ్జ్ మోటారు సైకిలు నాయుడుకు పాఠ్యపుస్తకమైంది. దానితో సంపాదించిన నేర్పుతో ఇతడు మెకానిక్‌గా పని ప్రారంభించాడు.

ఇదే 1912వ సంవత్సరానికి చెందిన మరొక ఐరోపా వాహనం తెలుగువారికి సుపరిచితం. అది హైదరాబాదు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కోరికపై తయారై, 1911లో ఆయన మరణించడంతో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు. వెనుక భాగంలో సింహాసనం వంటి ఆసనం అమర్చిన ఈ పసుపుపచ్చని కారు ఉత్సవాలకే పరిమితమై, బహు కొద్ది మైళ్ళు మాత్రమే తిరిగింది. తరువాతి కాలంలో దీనిని హైదరాబాదులోని చౌమహల్లా భవనంలో ప్రదర్శించారు. ఆ రోజులలో ఐరోపా మోటారు వాహనం సాధారణంగా రాజులకు, జమీందారులకు, దొరలకు హోదా చిహ్నం. హోటలు సర్వరు ఒకడు మూడేళ్ళ కష్టార్జితంతో అటువంటి వాహనాన్ని కొని దాని లోపలి నిర్మాణాన్ని శోధించడం అసాధారణమైన విషయం.

పత్తి వ్యాపారం

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పత్తికి గిరాకీ పెరిగింది. నాయుడు తిరుప్పూరులో పత్తి నుండి గింజలను వేరుచేసే జిన్నింగు మిల్లు నెలకొల్పి లాభాలు గడించాడు. ఆ ఉత్సాహంతో బొంబాయి వెళ్ళి పత్తి వ్యాపారంలోకి దిగాడు. ధరల హెచ్చుతగ్గుల మీద ఆధారపడిన ఆ వ్యాపారంలో ఇతనికి అనుభవం చాలలేదు. సంపాదించినది పోగొట్టుకొని కోయంబత్తూరు తిరిగివచ్చాడు. ఆ తరువాత తనకు బాగా తెలిసిన మోటారు వాహనాల రంగాన్నే ఇతడు జీవనాధారంగా ఎంచుకొన్నాడు.

యూనివర్సల్ మోటార్ సర్వీస్

కోయంబత్తూరులో కాఫీ, తేయాకు, నూలు మిల్లుల వ్యాపారాలు నిర్వహించిన ఆంగ్లేయుడు సర్ రాబర్ట్ స్టేన్స్ (1841–1936) నాయుడులోని నేర్పును గుర్తించాడు. స్టేన్స్ చేసిన ఆర్థిక సహాయంతో నాయుడు 1920లో ఒక బస్సును కొని పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య నడపడం ప్రారంభించాడు. పళని ప్రసిద్ధ సుబ్రహ్మణ్య క్షేత్రం. పొల్లాచ్చి పెద్ద సంతకు పేరుపొందిన ఊరు. సుమారు 60 కిలోమీటర్ల ఈ దారిలో యాత్రికులు, వ్యాపారులు, రైతులు నిత్యం రాకపోకలు సాగించేవారు. మొదట్లో బస్సును నాయుడే స్వయంగా నడిపేవాడు.

ఆ కాలంలో బస్సు నడపడమంటే సగం డ్రైవరు పని, సగం మెకానిక్ పని. ఇంజను, చక్రాలు, చట్రం విదేశాల నుండి ఓడలలో వచ్చేవి. వాటిపై కలపతో బస్సు పైభాగాన్ని మన వడ్రంగులు కట్టేవారు. విరిగిన విడిభాగం కోసం కబురంపితే అది ఇంగ్లండు నుండి రావడానికి నెలలు పట్టేది. అంతవరకు బస్సును మూలన పెట్టగల స్తోమత చిన్న యజమానికి ఉండదు. కాబట్టి భాగాన్ని బాగుచేసుకోవడం, సాధ్యం కాకపోతే అటువంటి దానిని స్థానికంగా తయారు చేయించుకోవడం, మన గతుకుల రోడ్లకు, ఎండలకు అనుగుణంగా బండిని మార్చుకోవడం తప్పనిసరి. నాయుడుకు ఇతర బస్సు యజమానులపై ఆధిక్యత లభించింది ఇక్కడే. మరమ్మత్తు ఖర్చును, బస్సు ఖాళీగా నిలిచిపోయే రోజులను తగ్గించగలగడం వలన ఇతని సంస్థ త్వరగా ఎదిగింది.

యూనివర్సల్ మోటార్ సర్వీస్ (యు.ఎం.ఎస్.) అనే పేరుతో వెలసిన ఈ సంస్థ 1930వ దశకం నాటికి రెండు వందలకు పైబడిన బస్సులతో దేశంలోనే అత్యంత సమర్థమైన బస్సు సంస్థలలో ఒకటిగా గుర్తింపు పొందింది. చెప్పిన సమయానికి బస్సు బయలుదేరడం, చెప్పిన సమయానికి చేరడం ఈ సంస్థకు పేరు తెచ్చిన ముఖ్య లక్షణం. సమయపాలన విషయంలో నాయుడు తన ఉద్యోగుల పట్ల ఎంత కఠినంగా ఉండేవాడో తన పట్ల కూడా అంతే కఠినంగా ఉండేవాడు.

బస్సుల మరమ్మత్తుల కోసం ఏర్పడిన కార్ఖానా క్రమంగా కొత్త వస్తువులను తయారు చేసే కర్మాగారంగా మారింది. పని నేర్చుకోవడానికి అక్కడ చేరిన యువకులు తరువాత సొంతంగా చిన్న పరిశ్రమలు పెట్టుకొన్నారు. కోయంబత్తూరు యంత్ర పరిశ్రమకు కేంద్రంగా రూపొందడానికి గల కారణాలలో ఇది ఒకటి.

ఐరోపా పర్యటనలు

1930వ దశకంలో నాయుడు ఐరోపా దేశాలలో పర్యటించి, ముఖ్యంగా జర్మనీ, ఇంగ్లండులలోని కర్మాగారాలను సందర్శించాడు. ఒకప్పుడు మోటారు సైకిలును విడదీసి చూసినట్లే, ఈ పర్యటనలలో కర్మాగారాన్ని విడదీసి చూశాడని చెప్పవచ్చు. ఏ యంత్రం ఏ వరుసలో ఉంది, ఒక పని నుండి మరొక పనికి వస్తువు ఎలా చేరుతున్నది, కార్మికునికి శిక్షణ ఎలా ఇస్తున్నారు అనే విషయాలను గమనించాడు.

నాయుడుకు ఛాయాగ్రహణంలోనూ, చలనచిత్రాలు తీయడంలోనూ ఎంతో ఆసక్తి ఉండేది. 1936 జనవరిలో లండనులో జరిగిన ఐదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను తన కెమేరాలో చిత్రీకరించాడు. స్వదేశంలో మహాత్మా గాంధీ, జవాహర్‌లాల్ నెహ్రూ, సుభాష్ చంద్రబోస్ వంటి జాతీయ నాయకులను కూడా చిత్రీకరించాడు. కెమేరాలలో దూరాన్ని సరిచేసే పరికరం ఇతని ఆవిష్కరణలలో ఒకటి.

ఇదే కాలంలో రాజకీయాలలో కూడా ప్రవేశించి మద్రాసు రాష్ట్ర శాసనసభకు పోటీ చేశాడు కానీ ఓడిపోయాడు.

విద్యుత్ మోటారు, ఇతర ఆవిష్కరణలు

నీలగిరి కొండలలోని పైకారా జలవిద్యుత్ కేంద్రం 1932లో పనిచేయడం ప్రారంభించింది. చవకైన విద్యుత్తు అందుబాటులోకి రావడంతో కోయంబత్తూరులో నూలు మిల్లులు పెరిగాయి, రైతులు బావులకు విద్యుత్ పంపులు బిగించుకోసాగారు. ఈ రెండింటికీ మోటార్లు కావాలి. అవన్నీ విదేశాల నుండి దిగుమతి అయ్యేవి. ఈ పరిస్థితిలో నాయుడు, డి.బాలసుందరం నాయుడుతో కలిసి పీలమేడులోని యు.ఎం.ఎస్. కర్మాగారంలో 1937లో భారతదేశంలో తొలి స్వదేశీ విద్యుత్ మోటారును తయారు చేశాడు. ఈ విజయం ఇచ్చిన ధైర్యంతో బాలసుందరం తరువాత టెక్స్‌టూల్ కంపెనీని స్థాపించాడు. మోటార్లకు, పంపుసెట్లకు కోయంబత్తూరు దేశమంతటా పేరు పొందడానికి ఈ మోటారు నాంది పలికింది.

నాయుడు రూపొందించిన ఇతర వస్తువులలో ముఖ్యమైనవి:

* రసాంత్ అనే క్షురకం. ఇందులో డ్రై సెల్సుతో నడిచే చిన్న మోటారు ఉంటుంది.
* అతి పలుచని గడ్డం బ్లేడ్లు.
* పండ్ల రసం తీసే యంత్రం.
* కిరోసినుతో నడిచే పంకా. విద్యుత్తు లేని ఊళ్ళకు ఉపయోగపడే ఉద్దేశంతో తయారైంది.
* మోసానికి వీలులేని ఓటు నమోదు యంత్రం.
* ఐదు వాల్వుల రేడియో. దీనిని 70 రూపాయలకే తయారు చేసి ఇవ్వగలనని 1941లో ప్రకటించాడు.

ఈ జాబితాను గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఇవి చాలావరకు అప్పటికే ఏదో ఒక రూపంలో పాశ్చాత్య దేశాలలో ఉన్న వస్తువులే. నాయుడు వాటిని విప్పి చూసి, అనవసరమైన భాగాలను తగ్గించి, చవకగా, మన్నికగా, మన దేశపు అవసరాలకు తగినట్లుగా మెరుగుపరచాడు. పాత వాహనాలను మరమ్మత్తు చేసే మెకానిక్ ఆలోచనా విధానమే ఈ ఆవిష్కరణలకు మూలం.

రెండు సీట్ల కారు

1952లో నాయుడు రూపొందించిన రెండు సీట్ల పెట్రోలు కారు వెలువడింది. దీనిని రెండువేల రూపాయలకే అమ్మాలని సంకల్పించాడు.

యుద్ధానంతరం ఐరోపాలో చిన్న కార్లకు ఆదరణ పెరుగుతున్న కాలమది. ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీ 1948లో 2సివి అనే చవక కారును ప్రదర్శించింది. జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ లక్షల సంఖ్యలో తయారు కాసాగింది. 1953లో మెసర్‌ష్మిట్ కంపెనీ మూడు చక్రాల రెండు సీట్ల కారును, 1955లో బి.ఎం.డబ్ల్యు. కంపెనీ ఇసెట్టా అనే బుల్లి కారును విడుదల చేశాయి. మధ్యతరగతి వాని స్తోమతకు తగిన కారు అనే ఆలోచనలో నాయుడు ఐరోపా నిర్మాతలకు వెనుకబడి లేడని ఈ తేదీలను బట్టి తెలుస్తుంది.

కానీ ఉత్పత్తికి అవసరమైన లైసెన్సు మంజూరు చేయడానికి ప్రభుత్వం నిరాకరించింది. 1951 నాటి పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం ప్రకారం పెద్ద పరిశ్రమ ఏది స్థాపించాలన్నా కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయింది. విదేశీ మారకద్రవ్యం కొరత, ఉక్కు కొరత ఉన్న దేశంలో పరిమిత వనరులను కొన్ని సంస్థలకే కేటాయించాలన్నది నాటి విధానం. 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసుల మేరకు, దేశంలో క్రమంగా పూర్తి తయారీ చేపట్టే కార్యక్రమం గల కంపెనీలను మాత్రమే కార్ల రంగంలో కొనసాగనిచ్చారు. విదేశీ భాగాలను బిగించి అమ్ముతున్న జనరల్ మోటార్స్, ఫోర్డ్ కంపెనీలు భారతదేశం నుండి నిష్క్రమించాయి.

దీని పర్యవసానంగా దశాబ్దాల పాటు భారతీయ రోడ్లపై మూడు ఐరోపా సంతతి కార్లే ప్రధానంగా కనిపించాయి. అవి ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై ఆధారపడిన అంబాసిడర్, ఇటలీ ఫియట్ 1100 నమూనాపై ఆధారపడిన ప్రీమియర్ కారు, మద్రాసులో తయారైన స్టాండర్డ్ కారు. 1957లో మొదలైన అంబాసిడర్ ఉత్పత్తి 2014 వరకు సాగింది. చవకైన చిన్న కారు గురించి ఎల్.కె.ఝా అధ్యక్షతన ఏర్పడిన ప్రభుత్వ సంఘం 1960 ప్రాంతంలో సిఫారసు చేసింది. అయినా అటువంటి కారు మారుతి 800 రూపంలో ప్రజలకు అందినది 1983 డిసెంబరులో. అంటే నాయుడు కారు వెలువడిన ముప్పై ఒక్క సంవత్సరాల తరువాత.

నాయుడు కారు పెద్ద ఎత్తున తయారై ఉంటే రెండువేల రూపాయల ధర నిలిచేదా, విడిభాగాల సరఫరా, మరమ్మత్తు కేంద్రాల ఏర్పాటు సాధ్యమయ్యేదా అన్న ప్రశ్నలకు ఆచరణలో సమాధానం దొరికే అవకాశం లేకపోయింది. మోటారు సైకిలును విప్పడానికి ఎవరి అనుమతి అవసరం లేకపోయింది. బస్సు నడపడానికి ఒక దాత సాయం సరిపోయింది. కారు తయారీకి మాత్రం ఢిల్లీ అంగీకారం కావలసి వచ్చింది.

పన్నులపై నిరసన

ప్రభుత్వ పన్నుల విధానం, లైసెన్సుల విధానం ఉత్పత్తి చేసేవారిని నిరుత్సాహపరుస్తున్నాయని నాయుడు భావించాడు. తన నిరసన తెలపడానికి తాను తయారు చేసిన వస్తువులను బహిరంగ సభలో పగులగొట్టాడు. కష్టపడి చేసిన వస్తువులను నాశనం చేయడం తగదని విమర్శించినవారూ, ఇతని ఆవేదనను అర్థం చేసుకొన్నవారూ ఉన్నారు. వస్తువును విప్పి తిరిగి బిగించడంతో మొదలైన జీవితంలో, తిరిగి బిగించే ఉద్దేశం లేకుండా పగులగొట్టిన సందర్భం ఇదే కావచ్చు.

విద్యారంగం

1944లో నాయుడు తన మోటారు సంస్థల ప్రత్యక్ష నిర్వహణ నుండి విరమించుకొన్నాడు. పరిశోధక విద్యార్థులకు ఉపకార వేతనాలు, ఉద్యోగుల సంక్షేమ పథకాలు, అణగారిన వర్గాల కొరకు సహాయ కార్యక్రమాలు ప్రకటించాడు.

ఇతని కృషి, విరాళాలతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, 1945లో ఆర్థర్ హోప్ ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. నాటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ పేరు వీటికి పెట్టారు. ప్రాథమిక విద్యతో ఆగిపోయిన నాయుడు ఈ సాంకేతిక విద్యాసంస్థకు సారథ్యం వహించాడు. ఇంజనీరింగు చదువుకు నాలుగేళ్ళు అనవసరమనీ, యంత్రాల మీద పనిచేస్తూ నేర్చుకొంటే రెండేళ్ళు చాలుననీ ఇతని అభిప్రాయం. ప్రభుత్వం దీనికి అంగీకరించలేదు. దానితో నాయుడు బాధ్యతల నుండి తప్పుకొన్నాడు. ఈ కళాశాల తరువాత వేరొక స్థలానికి మారి ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా కొనసాగుతున్నది. కళాశాల మొదట ఉన్న ప్రాంతాన్ని నగరవాసులు హోప్ కాలేజీ అనే పిలుస్తారు.

ఈ వివాదంలో రెండు పక్షాల వాదనలోనూ బలం ఉంది. గణితం, భౌతికశాస్త్రం లోతుగా చదవనిదే కొత్త యంత్రాన్ని లెక్కకట్టి రూపొందించడం కష్టం. మరోవైపు యంత్రాన్ని చేతితో తాకకుండా పట్టా పొందే విద్యార్థి కర్మాగారంలో తడబడతాడు. నాయుడు తాను నేర్చుకొన్న పద్ధతినే అందరికీ వర్తింపజేయాలనుకొన్నాడు. తరువాతి కాలంలో ఇతని కుటుంబం నిర్వహించే ధర్మసంస్థ ఆధ్వర్యంలో వెలసిన జీడీ సాంకేతిక శిక్షణ సంస్థ చేతిపనికి ప్రాధాన్యమిచ్చే శిక్షణను కొనసాగించింది.

వ్యవసాయ ప్రయోగాలు

రైతు కుటుంబంలో పుట్టిన నాయుడు పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలలో కొత్త రకాలను పెంచాడు. ఇతని వ్యవసాయ క్షేత్రాన్ని సర్ సి.వి.రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి ప్రముఖులు సందర్శించారు.

మరణం, స్మృతి

నాయుడు 1974 జనవరి 4న తన 80వ యేట మరణించాడు. ఇతని కుమారుడు జి.డి.గోపాల్ తండ్రి స్థాపించిన సంస్థలను ముందుకు నడిపించాడు.

కోయంబత్తూరులోని అవినాశి రోడ్డులో 1967లో ప్రారంభమైన జి.డి.నాయుడు పారిశ్రామిక ప్రదర్శనశాలలో ఇతడు తయారు చేసిన వస్తువులు, సేకరించిన యంత్రాలు ఉన్నాయి. ఇదే ప్రాంగణంలో 2015లో జీడీ కార్ల ప్రదర్శనశాలను కుటుంబ సభ్యులు ప్రారంభించారు. జర్మనీ, ఇంగ్లండు, ఫ్రాన్సు, అమెరికా తదితర దేశాల పాత కార్లను ఇక్కడ చూడవచ్చు. పాత కార్లను అందమైన అలంకార వస్తువులుగా మాత్రమే కాక, మోటారు వాహన విజ్ఞానం అంచెలంచెలుగా ఎదిగిన తీరును తెలిపే సాక్ష్యాలుగా ప్రదర్శించడం దీని విశిష్టత. విద్యార్థులు ఇంజను, గేర్లు, బ్రేకులు కాలక్రమంలో ఎలా మారాయో ఇక్కడ గమనించవచ్చు.

నాయుడు జీవితంపై నిర్మించిన డాక్యుమెంటరీ చిత్రానికి 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ శాస్త్ర సాంకేతిక చిత్రంగా పురస్కారం లభించింది. 2025 అక్టోబరు 9న అవినాశి రోడ్డుపై ప్రారంభమైన 10.1 కిలోమీటర్ల పొడవైన ఎత్తు వంతెనకు తమిళనాడు ప్రభుత్వం జి.డి.నాయుడు పేరు పెట్టింది.

ప్రాముఖ్యత

నాయుడును ఎడిసన్‌తో పోల్చడం పరిపాటి. అయితే ఇతని ప్రత్యేకత కొత్త సిద్ధాంతాలను కనుగొనడంలో లేదు. పరాయి దేశంలో తయారై వచ్చిన వస్తువును చూసి భయపడకుండా, దానిని విప్పి, అర్థం చేసుకొని, బాగుచేసి, చివరకు దానికంటే మెరుగైనది మనమే చేసుకోవచ్చునని నిరూపించడంలో ఉంది. రడ్జ్ మోటారు సైకిలు నుండి బస్సుల వరకు, బస్సుల నుండి విద్యుత్ మోటారు వరకు ఈ పద్ధతి ఫలించింది. కారు దగ్గర ఆగిపోయింది. ఇతని కార్ఖానాలో శిక్షణ పొందినవారి ద్వారా, ఇతనిని చూసి పరిశ్రమలు పెట్టినవారి ద్వారా ఆ పద్ధతి కోయంబత్తూరులో స్థిరపడింది. బడి మానిన పిల్లవాడు కళాశాలకు సారథి కావడం ఇతని జీవితంలోని విచిత్రం. యంత్రాన్ని చేతితో తాకి నేర్చుకొనే అవకాశం ప్రతి విద్యార్థికీ కలగాలన్నది ఇతడు ఆశించి, పూర్తిగా సాధించలేకపోయిన లక్ష్యం.